చదువు, సమాజం, ఎదుగుదల: ఓరుగల్లు, ఉత్తర తెలంగాణ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

బీఎడ్, గ్రూప్స్ రాసేవాళ్లకు సిద్ధాంతాల పేర్లు కావాలి. పిల్లల తల్లిదండ్రులకు ఏ నెలలో ఏ కాగితం పట్టుకొని ఎక్కడికి పోవాలో తెలియాలి. రెండూ ఒకే సంగతికి రెండు కొసలు, అందుకే ఒక్కచోట పెట్టాం. నియమాలు, ఆదాయ పరిమితులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ముందు ఆ ఏటి నోటిఫికేషన్ తప్పకుండా చూసుకోండి.

బడి సమాజానికి చేసే పని ఏంటి? పరీక్షలో అడిగితే ఏం రాయాలి?

మూడు పనులు రాయండి. నేర్పడం ఒకటి: చదవడం, రాయడం, లెక్క. మెలగడం అలవాటు చేయడం రెండోది: వేళకు రావడం, ఇంటివాళ్లు కానివాళ్లతో కలిసి పనిచేయడం, అందరికీ ఒకటే నియమం అని ఒప్పుకోవడం. మూడోది ఏరడం: ఎవరు ఏ కోర్సుకు, ఏ కొలువుకు పోవాలో మార్కులతో, పట్టాలతో తేల్చడం. రెండో పనిని ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిలీ డర్కైమ్ నొక్కిచెప్పాడు. బడి ఏరే పని కూడా చేస్తుందని, అది ప్రతిభను బట్టే జరుగుతుందన్న నమ్మకం మీద సమాజం నిలుస్తుందని అమెరికాకు చెందిన టాల్కట్ పార్సన్స్ 1959లో వాదించాడు. బౌల్స్, గింటిస్ అనే ఆర్థికవేత్తలు 1976లో దీన్ని తిప్పికొట్టారు. బడి పనిస్థలానికి తగ్గట్టు మనుషులను తయారుచేస్తుందని, కూలివాళ్ల పిల్లలకు లొంగి ఉండటం, పైవాళ్ల పిల్లలకు నడిపించడం నేర్పుతుందని వాళ్ల మాట.

మా అభిప్రాయం ఇది. చదువు ఒంటరిగా ఎవరినీ పైకి మోసుకుపోదు. పిల్లలు రాలిపోయేది ఎక్కువగా మెట్టు మారే చోట్ల: ఐదు దాటేటప్పుడు, పది దాటేటప్పుడు, ఇంటర్ తర్వాత, డిగ్రీ చివర. అక్కడ తెలివి చాలక ఆగినవాళ్ల కంటే కాగితం, కిరాయి, సమాచారం లేక ఆగినవాళ్లే ఎక్కువ. కింది జవాబుల్లో చాలా భాగం ఆ చోట్ల గురించే.

సాంఘికీకరణ ఇంట్లోనే అయిపోతది కదా, బడిలో కొత్తగా ఏముంటది?

ఇంట్లో జరిగేదాన్ని ప్రాథమిక సాంఘికీకరణ అంటారు. మాట, తిండి, వావివరసలు, ఎవరి ముందు ఎట్లా కూర్చోవాలన్నది అక్కడ వస్తాయి. బడిలో జరిగేది ద్వితీయ సాంఘికీకరణ. ఇంట్లో పిల్ల అవ్వకు, బాపుకు గారాల బిడ్డ. బడిలో హాజరుపట్టీలో ఒక పేరు, నలభై మందిలో ఒకరు. తప్పుచేస్తే అలిగి తప్పించుకునే వీలుండదు. ఈ మార్పే అసలు పాఠం.

సిలబస్‌లో రాయకుండా బడి నేర్పే సంగతులను నిగూఢ పాఠ్యప్రణాళిక అంటారు. చీపురు ఎవరు పట్టారు? నీళ్ల బిందె ఎవరు మోశారు? క్లాస్ లీడర్ ఎప్పుడూ మగపిల్లాడేనా? మధ్యాహ్న భోజనమే చూడండి. ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న రాష్ట్రాలను ఆదేశించింది. అది ఆకలి తీర్చే పథకంగా మొదలైనా, పక్కపక్కన కూర్చొని తినడం కొన్ని ఊళ్లలో అంతకుముందు లేని అలవాటు. అయితే పిల్లలను వాళ్లిష్టానికి వదిలితే వాడకట్టు ప్రకారమే గుంపులు కడతారు.

ఉపాధ్యాయులు చేయగలిగింది చిన్నదే కానీ కచ్చితంగా పనిచేస్తుంది. ఊడ్చే వంతు, వడ్డించే వంతు, లీడర్ వంతు హాజరు నంబర్ల ప్రకారం రాసి గోడకు అంటించాలి, ఆడ మగ తేడా లేకుండా. భోజనం వరుస కూడా అదే క్రమంలో. స్కాలర్‌షిప్ కోసం "ఎస్సీ పిల్లలు లేవండి" అని తరగతిలో అనకూడదు. ఆ ఒక్క మాటతో నలభై మందికి ఎవరు ఎవరో తెలిసిపోతుంది, ఏడాది మొత్తం చెప్పిన సమానత్వం పాఠం కొట్టుకుపోతుంది. ఒక్కొక్కరినీ ఆఫీసు గదికి పిలిచి అడిగితే సరిపోయేదానికి ఇంత నష్టం ఎందుకు?

ఇంట్లో లంబాడీ, కోయ, గోండి మాట్లాడుతాం. ఇప్పుడు బడి ఇంగ్లిష్ మీడియం. పిల్ల వెనకబడదా?

భాష వల్ల కాదు, చదవడం కుదరకముందే తరగతులు దాటించేయడం వల్ల వెనకబడుతుంది. ఒకటో తరగతిలో బడి భాష అర్థంకాని పిల్ల నోరు మూసుకుంటుంది. మాట్లాడని పిల్లను మొద్దు అనుకుంటారు. మూడో తరగతికి ఆ పేరు గట్టిపడిపోతుంది.

ఇది కొత్త సమస్య కాదు. 1940లో కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం ఆదిలాబాద్ అడవుల పరిస్థితి తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన పూనికతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు తయారయ్యాయి. ముందు ఇంటి భాషలో అక్షరం, తర్వాత బయటి భాష అన్న ఆ సూత్రం ఎనభై ఏళ్ల తర్వాత కూడా సరైనదే. ఆచరణే అరకొర.

సర్కారు బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టాక పుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. తల్లిదండ్రులకు చదువు రాకపోయినా ఇట్లా చేయొచ్చు: రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు తెలుగు పేజీ గట్టిగా చదివించండి, ఏం చదివిందో ఇంటి భాషలో చెప్పమనండి. చెప్పలేకపోతే అక్షరాలు మాత్రమే పలుకుతోంది, అర్థం అందలేదని తెలుస్తుంది. మూడో తరగతి పిల్ల ముందెన్నడూ చూడని అరపేజీ కథ చదవలేకపోతే, ప్రైవేటు బడికి మార్చడం వల్ల లాభం లేదు. ముందు చదవడం కుదిరించాలి. ఇంటి యాస మీద బడిలో ఎక్కిరిస్తే మాత్రం వెంటనే పోయి మాట్లాడండి, దాన్ని చిన్న సంగతిగా వదలొద్దు.

సామాజిక గతిశీలత రకాలు ఉదాహరణలతో చెప్పండి.

ఈ విభజనకు మూలం 1927లో సొరోకిన్ చేసిన పని. అంతస్తు పెరగడం లేదా తగ్గడం నిలువు గతిశీలత: ఆజంజాహి మిల్లు కార్మికుడి కూతురు ఎంజీఎం ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు కావడం. అంతస్తు మారకుండా పని లేదా చోటు మారడం సమాంతర గతిశీలత: సిరిసిల్ల నేత కార్మికుడు మహారాష్ట్రలోని భీవండి మగ్గాల మీదికి పోవడం. తండ్రికి, కొడుక్కి మధ్య తేడా చూస్తే తరాంతర గతిశీలత. ఒక మనిషి జీవితంలోనే చూస్తే తరాంతర్గత గతిశీలత: విద్యా వలంటీరుగా చేరి డీఎస్సీ కొట్టి ఆ తర్వాత హెడ్మాస్టర్ కావడం. పరీక్షకు ఇంత చాలు.

కష్టపడి చదివితే ఎవరైనా పైకి రావచ్చు కదా?

రావచ్చు. ఎంతమంది వస్తున్నారన్నదే ప్రశ్న. అట్టడుగు ఆదాయ కుటుంబం తన దేశపు సగటు ఆదాయానికి చేరడానికి ఎన్ని తరాలు పడుతుందో ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) 2018లో అంచనా వేసింది. డెన్మార్క్‌లో రెండు. ఓఈసీడీ దేశాల సగటు నాలుగైదు. భారతదేశంలో ఏడు.

నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ గురుకులంలో చదువుతూ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. తాండా పిల్లకు అవకాశం, శిక్షణ, తిండి ఇస్తే ఏమవుతుందో దానివల్ల తెలుస్తుంది. కానీ ఒక్కరి గెలుపు చూపించి "మీరెందుకు కాలేదు" అని మిగతా పిల్లలను అడగడం న్యాయం కాదు. ఆమెకు దొరికినవి ఎంతమందికి దొరికాయో అడగాలి.

ఒకే బడి, ఒకే సారు. డాక్టరు కొడుకు ఒకతీరు, హమాలీ కొడుకు ఒకతీరు ఎందుకైతరు?

1966లో అమెరికాలో జేమ్స్ కోల్మన్ బృందం లక్షల మంది విద్యార్థులను పరిశీలించి, మార్కుల తేడాలో బడి వసతుల కన్నా ఇంటి నేపథ్యం వాటా ఎక్కువని తేల్చింది. అదెట్లా పనిచేస్తుందో వివరించినవాడు ఫ్రెంచి పండితుడు పియరీ బూర్దియో. డబ్బు ఒక పెట్టుబడి అయినట్టే బడికి నచ్చే మాటతీరు, పుస్తకాలతో పరిచయం, ఆఫీసుల్లో మెలిగే తెలివిడి కూడా పెట్టుబడేనన్నాడు. దాన్నే సాంస్కృతిక మూలధనం అంటారు. తెలిసినవాళ్ల బలగం సామాజిక మూలధనం.

మన దగ్గర ఇది ఎక్కడ కనిపిస్తుందో చూడండి. కాజీపేటలో ఉండి రోజూ ఎన్‌ఐటీ గేటు ముందు నుంచి పోయే కుటుంబాలకు కూడా అందులో సగం సీట్లు సొంత రాష్ట్రం కోటా అని, అవి జేఈఈ మెయిన్ ర్యాంకుతో జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు పంచే ఉమ్మడి) కౌన్సెలింగ్‌లో నిండుతాయని, ఆ రాష్ట్రం పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారో దాన్ని బట్టి తేలుతుందని తెలియదు. కొడుకు ఇంటర్ హైదరాబాద్‌లో చదివినా ఫర్వాలేదు, విజయవాడ హాస్టల్‌లో వేస్తే ఆ కోటా పోతుంది. డాక్టరు ఇంట్లో ఈ మాట అన్నం తింటూ తెలిసిపోతుంది. హమాలీ ఇంట్లో సీటు పోయినాక తెలుస్తుంది.

కేంద్ర సంస్థలకు బీసీ పిల్లలు పోయేటప్పుడు ఇంకో చిక్కు. రాష్ట్ర కుల ధ్రువపత్రం చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదన్న) పత్రం, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినది కావాలి. పాతది పెడితే ఓపెన్ కోటాలోకి నెట్టేస్తారు.

ఐదో తరగతికి గురుకులంలో వేయాలా? సీటు ఎట్లా వస్తది?

తెలుగునేల మీద గురుకులాలు 1971లో, పి.వి. నరసింహారావు హయాంలో సర్వేల్‌తో మొదలయ్యాయి. ఇప్పుడు సాంఘిక సంక్షేమ, గిరిజన, మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ, సాధారణ గురుకులాల ఐదో తరగతి సీట్లకు ఒకే ప్రవేశ పరీక్ష పెడుతున్నారు. మైనారిటీ గురుకులాల దారి వేరు. నోటిఫికేషన్ సాధారణంగా డిసెంబరులో, పరీక్ష ఫిబ్రవరిలో. నాలుగో తరగతి స్థాయిలో వంద మార్కులు: తెలుగు 20, ఇంగ్లిష్ 25, గణితం 25, పరిసరాల విజ్ఞానం 20, మెంటల్ ఎబిలిటీ 10. రెండు గంటలు, ఓఎంఆర్ షీటు (జవాబు గడి నింపే కాగితం). కుటుంబ ఆదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల లోపు ఉండాలి.

దెబ్బతినే చోట్లు మూడు. పిల్లలు ఓఎంఆర్ ఎన్నడూ చూసి ఉండరు, ప్రశ్న తెలిసి కూడా ఒక గడి కిందికి జారి నింపుతారు. జనవరి అంతా పాత ప్రశ్నపత్రాలతో పాటు జిరాక్స్ తీసిన ఓఎంఆర్ మీద నింపించాలి. రెండోది, కులం, ఆదాయం పత్రాల నంబర్లు లేక చివరి రోజు ఇంటర్నెట్ సెంటరులో ఏదో ఒకటి కొట్టేయడం. సీటు వచ్చాక అసలు పత్రంతో పోలక అదే సీటు పోతుంది. మూడోది, ఆప్షన్లలో ఇంటికి దగ్గరవి రెండే పెట్టడం.

వేయాలా వద్దా అంటే: ఇంట్లో చదివే చోటు, చెప్పేవాళ్లు, మూడుపూటలా సరైన తిండి లేకపోతే వేయండి. కానీ తొమ్మిదేళ్ల పిల్లను ఇంటినుంచి తీసేస్తున్నాం అన్నది మరవొద్దు. దసరా సెలవుల లోపు ఏడ్చి ఇంటికొచ్చేవాళ్లు ఎక్కువ. ఆ మొదటి మూడు నెలలు అనుమతించిన రోజున తప్పక పోయి చూసిరావాలి, ఫోను మాట్లాడే రోజు తప్పకూడదు. ఇంకో మాట చెప్పకుండా ఉండలేం. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో 75 శాతం సీట్లు ఎస్సీలవి, గిరిజన గురుకులాల్లో అత్యధికం ఎస్టీలవి, బీసీలకు వేరే, మైనారిటీలకు వేరే. చదువు బాగుపడింది నిజమే. ఏ కులం పిల్లలు ఆ కులంవాళ్లతోనే పెరుగుతున్నదీ నిజమే. సాంఘికీకరణ వైపు నుంచి చూస్తే దీని ఖర్చు లెక్కలోకి రావడం లేదు.

పత్తి ఏరే టైంల బడి మానిపిస్తే ఏమైతది? నెల రోజులే కదా.

అక్టోబరు నుంచి జనవరి దాకా పత్తి, ఆ వెనకే మిర్చి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ నిండే కాలంలోనే తరగతి గదులు ఖాళీ అవుతాయి. నెలరోజులు పోయిందంటే పోయింది పాఠాలొక్కటే కాదు. గణితంలో భిన్నాలు చెప్పిన మూడు వారాలు లేని పిల్లకు ఆ తర్వాత దశాంశాలు, శాతాలు, నిష్పత్తి ఏదీ అంటదు. సంక్రాంతి తర్వాత వచ్చి కూర్చుంటుంది, ఏమీ తెలియదు, సిగ్గుపడుతుంది, మళ్లీ పోతుంది. బడి మానడం ఒక్కరోజులో జరగదు, ఇట్లా రెండేళ్లు సాగి జరుగుతుంది.

తప్పనిసరైతే పూర్తిగా మానిపించకండి. పొద్దున బడి, సెలవు రోజున చేను. లెక్కల పిరియడ్ పోకుండా చూడండి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి: సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకు మాత్రమే, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 50) ఉండాలి, ఆదాయం మూడున్నర లక్షల లోపు. మెంటల్ ఎబిలిటీ 90, పాఠ్యాంశాలు 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు, నాలుగేళ్లకు 48 వేలు. గురుకులాల్లో చదివేవాళ్లకు ఇది వర్తించదు. ఎంపికైన తర్వాత ఏటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయకపోతే ఆగిపోతుంది. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే.

పనికోసం సూరత్, భీవండి పోయి తిరిగొచ్చినం. టీసీ లేదని బడిల చేర్చుకోమంటున్నరు.

అట్లా అనడానికి వీల్లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు. 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని కాదనకూడదు. 4వ సెక్షన్ ప్రకారం చదువు ఆగిపోయిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చి, వెనకబడినదాన్ని అందుకునే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఇది హక్కు. హెడ్మాస్టర్‌కు తెల్లకాగితం మీద దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోండి. అయినా కాదంటే అదే ప్రతితో మండల విద్యాధికారి దగ్గరికి.

ఇంకా పెద్ద చిక్కు తర్వాత వస్తుంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రభుత్వ కొలువుల్లో 95 శాతం స్థానికులవి. స్థానికత ఒకటి నుంచి ఏడు తరగతులు చదివిన చోటును బట్టి తేలుతుంది, ఆ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడన్నది చూస్తారు. ఐదేళ్లు భీవండిలో చదివిన పరకాల పిల్లాడు ఇరవై ఏళ్ల తర్వాత సొంత జిల్లాలో స్థానికేతరుడు కావచ్చు. అందుకని అవ్వ, తాతల దగ్గర ఉంచి ఊళ్లో చదివించే వీలుంటే ఆ ఏళ్లలోనే ఉంచండి. ఏ బడి వదిలినా బోనఫైడ్ (అక్కడ చదివినట్టు పత్రం) అప్పుడే తీసుకోండి. ప్రైవేటు బడులు మూతపడతాయి, రికార్డులు దొరకవు.

గల్ఫ్‌కు పోయేటోనికి పది పాస్ ఎందుకు?

పాస్‌పోర్టు కోసం. పది పాసైనవాళ్లకు వలస అనుమతి అవసరం లేని పాస్‌పోర్టు వస్తుంది. పాస్ కానివాళ్లు గల్ఫ్ దేశాలతో సహా పద్దెనిమిది దేశాల్లో పనికి పోవాలంటే వలస అనుమతి తీసుకోవాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఏజెంట్లు ఈ తేడా మీదే బతుకుతారు: దొంగ మెమో చేసిస్తామనో, విజిట్ వీసా మీద పంపుతామనో. దొంగ మెమో దొరికితే పాస్‌పోర్టు పోయి, కేసు మీద పడుతుంది. ఓపెన్ స్కూల్‌లో పది పాస్ కావడానికి ఏడాది పట్టొచ్చు, ఖర్చు ఏజెంటుకు ఇచ్చేదాంట్లో చిన్న ముక్క.

ఆడపిల్లను పది తర్వాత ఎందుకు ఆపుతున్నరు?

అడిగితే "మంచి సంబంధం వచ్చింది" అంటారు. కాస్త తవ్వితే బస్సు బయటపడుతుంది. జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో, చివరి బస్సు ఐదింటికి, ఊరు రోడ్డుకు రెండు కిలోమీటర్లు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. దాంతో కిరాయి సమస్య తీరింది, బస్సే రాని ఊరి సమస్య తీరలేదు. ఊళ్లోని నలుగురైదుగురు ఆడపిల్లలు ఒకే కాలేజీలో, ఒకే గ్రూపులో కాకపోయినా సరే, చేరితే ఆగిపోయేవాళ్లు బాగా తగ్గుతారు. తోడు ఉంటుంది, ఇంటివాళ్ల నోరు మూతపడుతుంది. డిపో మేనేజర్‌కు బస్సు వేళ మార్చమని దరఖాస్తు ఇస్తే కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం కూడా పెట్టించండి.

బడి మధ్యలో ఆగిన, తల్లిదండ్రులు లేని ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి. ఆరో తరగతి నుంచి, చాలాచోట్ల ఇంటర్ దాకా. ప్రవేశ పరీక్ష లేదు. ఇంజినీరింగ్, డిప్లొమాలో చేరిన అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు, ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరి దాకా. మన దగ్గర దీనికి దరఖాస్తు చేసేవాళ్లు తక్కువ.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఏం చేయాలి? ఎక్కడ ఆగిపోతది?

పని మొదలుపెట్టాల్సింది ఇంటర్‌లో కాదు, తొమ్మిదో తరగతిలో. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పోయాక బడి రికార్డు మార్చడం గగనం. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు. కాబట్టి తొందరపడి ఎవరో చెప్పినట్టు మార్చేయకండి. బడి రికార్డును చూసే మార్పించండి.

ఆ తర్వాత ఈ వరుసలో పొండి:

1. కుల ధ్రువపత్రం మీసేవలో. ఇది గడువు తీరిపోయేది కాదు, ఒరిజినల్ దాచుకోండి.
2. ఆదాయ పత్రం మీసేవలో, తహసీల్దార్ పేరుతో. ఏటా కొత్తది. మే, జూన్‌లోనే పెట్టండి. కౌన్సెలింగ్ మొదలయ్యాక తహసీల్ ఆఫీసు ముందు జాతరే.
3. పిల్ల పేరు మీద బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ అనుసంధానం. కేవైసీ వేరు, ఆధార్‌కు డబ్బు జమయ్యేలా కలపడం వేరు. బ్యాంకులో ఆ మాట విడిగా చెప్పి అడగాలి.
4. స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైటు ఈపాస్‌లో దరఖాస్తు, వేలిముద్రల ధ్రువీకరణ, ప్రింటు తీసి పత్రాలతో కాలేజీలో ఇవ్వడం. కాలేజీ దాన్ని ఆన్‌లైన్‌లో సంక్షేమాధికారికి పంపితేనే మంజూరవుతుంది. ఇచ్చి ఊరుకోకుండా పదిహేను రోజులకొకసారి స్టేటస్ చూడండి.

హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ వాళ్లకు రాదు. ఇంజినీరింగ్‌లో బీసీ, ఈబీసీ పిల్లలకు పదివేల లోపు ర్యాంకైతే పూర్తి ఫీజు, దాటితే సాధారణంగా 35 వేల దాకా. మిగతాది మీ జేబులోంచే. సీటు ఎంచుకునేటప్పుడే ఆ తేడాను నాలుగుతో గుణించి చూసుకోండి.

డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే కాలేజీలు ఫీజు కట్టమని, కడితేనే సర్టిఫికెట్లని పట్టుబడతాయి. చేరేటప్పుడు అసలు పత్రాలు చూసి తిరిగి ఇచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. లిఖితపూర్వకంగా అడగండి, మౌఖికంగా అడిగితే సమాధానం కూడా మౌఖికంగానే ఉంటుంది.

రిజర్వేషన్ ఉన్నాక ఇంకా వెనకబాటు ఏంటి?

తెలంగాణలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 10 (2022లో 6 నుంచి పెంచారు), బీసీలకు 29 (ఏ 7, బీ 10, సీ 1, డీ 7, ఈ 4), ఈడబ్ల్యూఎస్ 10. ఎస్సీ కోటాను 2025 ఏప్రిల్ 14 నుంచి 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులు చేశారు. ఒకే కేటగిరీలో కూడా కొన్ని కులాలు ముందుకు పోయాయి, కొన్ని గేటు దాకా రాలేదు అన్నదే దాని వెనక వాదన. రిజర్వేషన్ సీటు తలుపు తెరుస్తుంది. ఆ తలుపు దాకా వచ్చేసరికి ఎంతమంది మిగిలారన్నది అంతకుముందు పన్నెండేళ్ల కథ. ఓపెన్ కోటా అంటే ఓసీల కోటా కాదన్నదీ గుర్తుంచుకోవాలి. మెరుగైన ర్యాంకు తెచ్చుకున్న ఎవరైనా అందులోకి వస్తారు.

కులం కాకుండా బడిని బట్టి సాయం చేసిన పద్ధతి ఒకటి ఇక్కడే పుట్టింది. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీ, పదో తరగతిలో జీపీఏ ఉన్న కాలంలో, హాస్టల్ లేని సర్కారు బడుల పిల్లలకు 0.4 పాయింట్లు కలిపి సీట్లిచ్చింది. ఆ ఒక్క నియమం వల్ల పల్లె బడుల్లోంచి ఇంజినీర్లు వచ్చారు. మాకు తెలిసినంతలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పని చేసిన నియమం ఇంకోటి లేదు.

బీటెక్ అయి రెండేండ్లు, హన్మకొండలో రూం తీసుకొని గ్రూప్స్‌కు చదువుతుండు. ఎన్నాళ్లు?

పట్టాలు పెరిగి కొలువులు పెరగనప్పుడు పట్టా విలువ తగ్గుతుంది. ఒకప్పుడు పది పాసైతే వచ్చిన పనికి ఇప్పుడు డిగ్రీ అడుగుతారు. పని మారలేదు, ఏరే జల్లెడ మారింది. అందుకే తండ్రి కన్నా రెండు పట్టాలు ఎక్కువున్నా కొడుకు ఆదాయంలో తండ్రి దగ్గరే ఆగిపోవడం కనిపిస్తుంది.

నోటిఫికేషన్ పడని ఏడాదిని చదువు ఏడాదిగా లెక్కపెట్టొద్దు. రెండు నోటిఫికేషన్లు రాశాక ప్రిలిమ్స్ కటాఫ్‌కు దరిదాపుల్లో లేకపోతే, గది ఖాళీ చేసి పనిచేస్తూ చదవడం మేలు. ఇది మొదటే ఇంట్లో చెప్పుకోవాలి, మూడో ఏట చెబితే గొడవే.

పది తర్వాత అందరినీ ఇంటర్, బీటెక్ దారిలో తోయడం కూడా ఇందుకు కారణమే. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది. ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్. భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి వైపు సింగరేణి, రైల్వే నోటిఫికేషన్లలో ఇవి నేరుగా పనికొస్తాయి. పాలీసెట్ రాసి డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఆ దారిలో వచ్చినవాళ్లకు చేతిలో పని ఉంటుంది. ఐటీఐ అంటే చదువు రానివాళ్లది అన్న చిన్నచూపు ఉంది చూశారా, అది కూడా బడి చేసిన సాంఘికీకరణే.

చదువుకున్నోళ్లు ఊరికి దూరమైతరు. అదేనా ఎదుగుదల?

కొంత దూరం తప్పదు. ఇంటి మాట, ఆఫీసు మాట రెండూ మోసే మొదటి తరం వాళ్లకు రెండు చోట్లా పరాయితనం ఉంటుంది. దాన్ని ఒళ్లు బలుపు అనుకోకండి. ఉర్దూ రాజ్యమేలిన కాలంలో, 1904లోనే హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లు కూడా చదువుకొని పైకొచ్చినవాళ్లే. వాళ్లు తమ చదువును ఒక గదిలో పెట్టి తలుపు తెరిచి ఉంచారు. ఇప్పుడు ఊరికి ఏదైనా చేయాలనుకునేవాళ్లు గుడికి గేటు కట్టించే ముందు, జూన్‌లో పది రోజులు పంచాయతీ ఆఫీసులో కూర్చొని దోస్త్ (డిగ్రీ ప్రవేశాల), ఈపాస్ ఫారాలు నింపిపెట్టండి.

ముప్పై అయిదేండ్లు దాటినయి. ఏడులోనే బడి మానేసిన. ఇప్పుడు కుదురుతదా?

కుదురుతుంది. తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి పద్నాలుగేళ్లు, ఇంటర్‌కు పదిహేనేళ్లు నిండాలి, పైన పరిమితి లేదు. దగ్గరలోని హైస్కూల్‌లో స్టడీ సెంటర్ ఉందేమో అడగండి, క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉంటాయి. పదిలో ఐదు సబ్జెక్టులు, పాస్‌కు 35 మార్కులు. అన్నీ ఒక్కసారే రాయాలని లేదు, తెలుగు, సాంఘికం ముందు రాసి, గణితం మరో విడతకు పెట్టుకోవచ్చు. గణితం భయమైతే చేరేటప్పుడే సబ్జెక్టుల జాబితా మొత్తం చూసి ఎంచుకోండి. ఫీజు సెంటర్‌లో ఎవరి చేతికీ ఇవ్వకుండా ఆన్‌లైన్‌లోనో మీసేవలోనో కట్టి రసీదు దగ్గర పెట్టుకోండి. "మీరు రాకపోయినా పాస్ చేయిస్తాం" అనే మనిషి ఎదురైతే ఆ సెంటర్ వదిలి ఇంకో సెంటర్ చూసుకోండి. ఇంటర్ అయ్యాక 1982 నుంచి నడుస్తున్న అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, కాకతీయ యూనివర్సిటీ దూరవిద్య రెండూ అందుబాటులో ఉంటాయి.